విలీనంలో పైలట్ భవిష్యత్తు తేలేది సీనియారిటీ లిస్టులోనే

రెండు ఎయిర్‌లైన్లు కలిస్తే చిన్న విమానాలు నడిపే పైలట్లకు మేలా, నష్టమా అని అడిగారు. మీ తమ్ముడికి ఏటీఆర్ (చిన్న ఊళ్ళకు తిరిగే రెక్కల ఫ్యాన్ల విమానం) కో-పైలట్‌గా ఆఫర్ వచ్చిందనీ, ఆ కంపెనీ అమ్ముడుపోతుందన్న వార్తలు చూసి భయంగా ఉందనీ రాశారు. నేను ఏటీఆర్ మీదే మొదలుపెట్టాను. మా కంపెనీని పెద్ద కంపెనీ కలుపుకున్నప్పుడు లోపలే ఉన్నాను. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా: ముందు పోయేవి చిన్న విమానాలే, వాటి వెనకే వాటి పైలట్ల సర్వీసు కూడా పోతుంది.

మన దగ్గర ఎనభై లోపు సీట్లుంటే చాలా ఎయిర్‌పోర్టుల్లో ల్యాండింగ్ చార్జీలు ఉండవు. ఇలాంటి చిన్న విమానాలకి ఇంధనం మీద పన్ను తక్కువ, పొట్టి రన్‌వే చాలు. అందుకే చిన్న ఊళ్ళకు ఏటీఆర్ సరిగ్గా సరిపోతుంది. కానీ పెద్ద కంపెనీకి ఈ లెక్క రుచించదు. కొద్దిపాటి విమానాల కోసం విడిగా స్పేర్లు, విడిగా ఇంజనీర్లు, విడిగా స్టాండ్‌బై సిబ్బంది ఎందుకంటారు. లీజు అయిపోగానే ఒక్కొక్కటీ వెనక్కి ఇచ్చేస్తారు. 2022లో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్ళినప్పుడు కూడా ఏటీఆర్‌లు నడిపే అలయన్స్ ఎయిర్ ఆ అమ్మకంలో లేదు, ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది.

మా దగ్గర సీనియారిటీ లిస్టు, అంటే ఎవరు ముందు కెప్టెన్ అవుతారో తేల్చే వరస, బయటపెట్టిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. ట్రైనింగ్ హాల్లో అందరినీ కూర్చోబెట్టి స్క్రీన్ మీద వేశారు. క్రాస్‌విండ్‌లో (పక్కగాలిలో) ఏటీఆర్‌ని ఎలా దించాలో నాకు నేర్పిన కెప్టెన్ గారు ముందు వరసలో ఉన్నారు. ఆయన పేరు కోసం పైనుంచి వెతుక్కుంటూ వచ్చాను. మొదటి పేజీలో లేదు, రెండో పేజీలో లేదు. నా తర్వాత లైసెన్సు తెచ్చుకుని పెద్ద కంపెనీలో చేరిన కుర్రాళ్ళ పేర్ల కింద కనిపించింది. మా అందరికీ చేరిన తేదీ అంటే విలీనం జరిగిన తేదీయేనట. ఆయన లేచి, "మరి నా సర్వీసంతా ఎక్కడికి పోయిందండీ?" అని అడిగారు. హెచ్‌ఆర్ వాళ్ళు, "సర్, మీది వేరే ఫ్లీట్ కదా" అన్నారు. అంతే, అంతకుమించి జవాబు లేదు. తర్వాత ఆయన ఎయిర్‌బస్ కుడి సీట్లో, తనకంటే బాగా చిన్నవాడి పక్కన కో-పైలట్‌గా ఎగిరారు. ఒకప్పుడు ఆ కుర్రాడు ఆయన్ని సలహా అడిగేవాడు. నాకు ఇప్పటికీ కోపమే.

అందులోనూ జెట్ మీదకి మారడం వెంటనే అయ్యే పని కాదు. టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి విడిగా తెచ్చుకునే అర్హత) చెయ్యాలి, దానికి సిమ్యులేటర్ స్లాట్ దొరకాలి. ఈలోపు ఏటీఆర్‌లు వెనక్కి వెళ్ళిపోతే, ఎగరే అర్హత నిలబడడానికి 90 రోజుల్లో చెయ్యాల్సిన మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఎక్కడ చేస్తాం? ఆరు నెలలకోసారి ఇచ్చే చెక్ ఏ విమానం మీద ఇస్తాం? ఎగరకపోతే ఫ్లయింగ్ అలవెన్స్ రాదు, ఇంటి లోన్ మాత్రం ఆగదు.

ఇదంతా మా ఒక్కరి గోడు అనుకోకండి. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో కలిశాయి. జీతాల తేడా మీద 2011లో పైలట్లలో ఒక వర్గం సమ్మె చేసింది, డ్రీమ్‌లైనర్ (బోయింగ్ పెద్ద జెట్) ట్రైనింగ్ ఎవరికన్న గొడవతో 2012లో ఇంకో వర్గం చేసింది. ఈ తేడాలు తేల్చడానికి 2011లోనే జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేసినా గొడవ ఆగలేదు. 2024 ఏప్రిల్‌లో, ఎయిర్ ఇండియాలో కలవబోతున్న విస్తారా ఎన్ని విమానాలు రద్దు చేసిందో చూశారుగా. కొత్త కాంట్రాక్టులో గ్యారంటీ జీతం, అంటే ఎగిరినా ఎగరకపోయినా నెలకి ఇన్ని గంటలకని ఇచ్చేది, 70 గంటల నుంచి 40 గంటలకు తగ్గింది, పైలట్లకు కడుపు మండింది.

అమెరికాలో 2007 నుంచీ చట్టం ఉంది: ఎయిర్‌లైన్లు కలిస్తే సీనియారిటీ లిస్టులను న్యాయంగా కలపాలి, ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తి తేల్చాలి. మన దగ్గర సీసీఐ (పోటీ కమిషన్) పోటీ చూస్తుంది, ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల ట్రిబ్యునల్) వాటాదార్లనీ అప్పులవాళ్ళనీ చూస్తుంది, డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) భద్రత చూస్తుంది. పైలట్ సర్వీసు సంగతి ఎవరికీ పట్టదు. టీవీ చర్చలైతే షేరు ధర దగ్గరే ఆగిపోతాయి. మనం మానెయ్యాలంటే మాత్రం కెప్టెన్ ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు నోటీసివ్వాలని 2017లోనే రూలు పెట్టారు. కంపెనీ అమ్మేసేవాళ్ళు మనకెంత నోటీసిస్తున్నారు? సీనియారిటీ లిస్టు తేలందే ఏ విలీనానికీ అనుమతి ఇవ్వకూడదు. నా మాట ఇదే, ఎవరడిగినా ఇదే చెప్తాను.

మీ తమ్ముణ్ణి చేరమనండి. మొదటి గంటలు నింపుకోవడానికి ఏటీఆర్‌ని మించిన బడి లేదు, రోజుకి ఎన్నో ల్యాండింగ్‌లు చేతికొస్తాయి. 1500 గంటలు దాటగానే ఏటీపీఎల్ (కెప్టెన్ అవ్వడానికి కావాల్సిన లైసెన్సు) పని మొదలుపెట్టమనండి, విలీనం వార్త వచ్చేదాకా ఆగొద్దు. బాండ్ (ఇన్నేళ్ళు పనిచేస్తానన్న ఒప్పందం) మీద సంతకం పెట్టేముందు మాత్రం యాజమాన్యం మారితే ఆ బాండ్ ఏమవుతుందో, చేరిన తేదీ అదే ఉంటుందో లేదో కాగితం మీద రాయించుకోమనండి. నోటిమాటకి ఒప్పుకోవద్దు.