యునానీ వైద్యం గ్రీకులదా, అరబ్బులదా?

ప్రశ్న: మా తాత మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి యునానీ దవాఖాన మందులే వాడుతున్నాడు. యునానీ అంటే గ్రీకు అని ఈ మధ్య చదివాను. మరి హకీం నోట వినబడేవన్నీ ఉర్దూ, అరబ్బీ మాటలే కదా! అరబ్బులు చేసింది అనువాదం మాత్రమేనా?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: మీరు చదివింది నిజమే. గ్రీకులలో ఒక తెగ వారైన అయోనియన్ల పేరే అరబ్బీలో ‘యూనాన్’ అయింది. మన ‘యవన’ శబ్దానికీ అదే మూలం. ప్రాచీన గ్రీకు వైద్యులలో హిపోక్రటీసు అరబ్బులకు బుఖ్రాత్, గాలెన్ జాలీనూస్.

ఈ వైద్యం అరబ్బీలోకి వచ్చింది ప్రధానంగా 9వ శతాబ్దపు బాగ్దాదులో. అక్కడ అనువాదకులలో అగ్రగణ్యుడు హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ (809–873) ముస్లిం కాదు, సిరియాక్ (సిరియా ప్రాంతపు ప్రాచీన భాష) తెలిసిన క్రైస్తవుడు. ఒక గ్రంథానికి దొరికినన్ని గ్రీకు ప్రతులు సేకరించి, వాటిని పోల్చి పాఠం సరిచేసుకున్న తరువాతే అనువాదానికి పూనుకునేవాడు. గాలెన్ రాసిన ఒక తర్క గ్రంథం కోసం ఇరాక్, సిరియా, పాలస్తీనాలు గాలించి, ఈజిప్టులో అలెగ్జాండ్రియా దాకా వెళ్లినా, చివరికి డమాస్కసులో దొరికింది సుమారు సగమేనని ఆయనే ఒక లేఖలో చెప్పుకున్నాడు. ఇంతటి శ్రమను ‘అనువాదం మాత్రమే’ అని తీసిపారేయడం నాకు సమ్మతం కాదు. చరక, సుశ్రుతుల వైద్యం కూడా ఆ కాలంలోనే అరబ్బీలోకి చేరింది. 850 ప్రాంతంలో అత్తబరీ అనే వైద్యుడు అరబ్బీలో రచించిన ‘ఫిర్దౌసుల్ హిక్మత్’లో భారతీయ వైద్యానికి ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది.

పైగా అరబ్బీలో రాసిన వైద్యులు తమ గ్రీకు గురువులను ప్రశ్నించారు కూడా. మశూచికీ తట్టుకూ తేడా వివరిస్తూ గ్రంథం రాసిన పారసీక వైద్యుడు అర్రాజీయే, గాలెన్‌పై తన సందేహాలను మరొక పుస్తకంగా కూర్చాడు. గుండె కుడి గది నుంచి ఎడమ గదికి రక్తం నడుమ గోడలోని కంటికి కనబడని రంధ్రాల గుండా పోతుందని గాలెన్ చెప్పగా, ఆ గోడకు రంధ్రాలే లేవని, రక్తం ఊపిరితిత్తుల మీదుగా తిరిగి వస్తుందని 13వ శతాబ్దంలో కైరో వైద్యుడు ఇబ్న్ అన్నఫీస్ రాశాడు. ఆ మాట ఆయన రాసింది అంతకు ముందటి పారసీక వైద్యుడు ఇబ్న్ సీనా వైద్య గ్రంథం ‘ఖానూన్’లోని శరీర నిర్మాణ భాగానికి చేసిన వ్యాఖ్యానంలో. ఆ ‘ఖానూన్’ 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లి, ఐరోపా వైద్య విద్యార్థులకు శతాబ్దాల పాటు పాఠ్యగ్రంథమైంది.

ఇక మాటల సంగతి. మన వైపు ‘వాడికి మిజాజు ఎక్కువ’ అంటే పొగరని అర్థం. హకీం మీ తాతగారి నాడి పట్టుకొని చూసే ‘మిజాజ్’ వేరు: వేడి, చలువ, తడి, పొడి గుణాలు దేహంలో కలిసిన తీరు అది. అరబ్బీలో ఆ మాటకు ‘కలయిక’ అని అర్థం. గాలెన్ వాడిన గ్రీకు పదం ‘క్రాసిస్’కూ అదే అర్థం.