దౌత్యవేత్త జీవితం రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఉజ్బెకిస్తాన్ విదేశాంగ మంత్రిగా పనిచేసిన అబ్దులజీజ్ కామిలోవ్ మీద నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1947లో తాష్కెంట్ చేరువలోని యాంగియుల్‌లో పుట్టుక మొదలు, 1994-2003 మధ్య ఒక విడత, 2012-2022 మధ్య మరో విడత మంత్రి పదవి, నడుమ వాషింగ్టన్‌లో రాయబారిగా సుమారు ఏడేళ్లు, అన్నీ సరిగానే ఉన్నాయి. చదువుతుంటే మాత్రం ఎవరిదో సర్వీసు రిజిస్టరు తిరగేస్తున్నట్టు అనిపించింది.

దౌత్యవేత్త మనసులో మాట మనకు దొరకదు. దొరకనిదాన్ని ఊహించి రాయకు. అతడు ఏ కుర్చీలో, ఏ ఊళ్లో, ఏ కాగితం ముందు కూర్చున్నాడో చూపించు. సోవియట్ రాయబార కార్యాలయాల తరఫున లెబనాన్‌లో, సిరియాలో పనిచేసిన ఈ అరబిక్ పండితుడు, 1991లో ఆ దేశమే లేకుండా పోయాక, అదే మాస్కోలో స్వతంత్ర ఉజ్బెకిస్తాన్ రాయబార కార్యాలయంలో ఉద్యోగిగా చేరాడు. నిన్నటిదాకా తన రాజధాని అయిన నగరం తెల్లవారేసరికి పరాయి దేశపు రాజధాని అయింది. దీన్ని నీవు అర వాక్యంలో దాటేశావు. ఆ తర్వాత రెండేళ్లు జాతీయ భద్రతా సంస్థలో ఉపాధ్యక్షుడిగా ఉన్న సంగతి అసలే వదిలేశావు. అభిమానం కొద్దీ వదిలావో, తొందరలో వదిలావో గాని, అప్పటి అధ్యక్షుడు కరీమోవ్ పాలనలో ఆ సంస్థకున్న చెడ్డపేరు తెలిసిన పాఠకుడు ఆ ఖాళీని ఇట్టే పట్టేస్తాడు.

వాషింగ్టన్ భాగాన్ని పెంచు. 2002 మార్చిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్‌తో కలిసి వ్యూహాత్మక భాగస్వామ్య ప్రకటన మీద సంతకం చేసింది ఈయనే. అఫ్గాన్ యుద్ధం కోసం ఉజ్బెకిస్తాన్‌లోని ఖానాబాద్ వైమానిక స్థావరాన్ని అమెరికా వాడుకుంటున్న రోజులవి. 2005 మే నెలలో ఉజ్బెకిస్తాన్ నగరం అందిజాన్‌లో ప్రభుత్వ బలగాలు జరపగా జనం మీద కాల్పులు జరిగాయి. మృతులు 187 మంది అని ప్రభుత్వం చెప్పగా, వందల్లో ఉంటారని ఇతరులు అన్నారు. అమెరికా స్వతంత్ర విచారణ కోరింది, జూలైలో తాష్కెంట్ 180 రోజుల్లో స్థావరం ఖాళీ చేయమంది. తాను సంతకం పెట్టిన నగరంలోనే, ఆ సంతకం వెలవెలబోతుంటే, రాయబారిగా ఉన్నది ఆయనే. ఇక్కడ విశేషణాలు అక్కర్లేదు, రెండు తేదీలను పక్కపక్కన పెట్టు చాలు.

2022 మార్చి 17న ఉజ్బెకిస్తాన్ సెనేట్‌లో ఆయన చేసిన ప్రసంగం దగ్గర మరీ నెమ్మదిగా నడవాలి. అంతకు రెండు వారాల ముందు ఉక్రెయిన్‌పై రష్యా దాడి విషయమై ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఓటింగు జరిగితే ఉజ్బెకిస్తాన్ అందులో పాల్గొననే లేదు. లక్షలాది ఉజ్బెక్ కూలీలు రష్యాలో పనిచేసి ఇంటికి డబ్బు పంపుతున్నారు మరి. అలాంటిది, రష్యాతోనూ ఉక్రెయిన్‌తోనూ తమకు సంబంధాలున్నాయని చెబుతూనే, ఉక్రెయిన్ ప్రాదేశిక సమగ్రతను గుర్తిస్తున్నామనీ, తూర్పు ఉక్రెయిన్‌లో రష్యా అండతో వేరుపడ్డామన్న లుహాన్స్క్, దొనేత్స్క్ గణతంత్రాలను గుర్తించడం లేదనీ కామిలోవ్ సభలో ప్రకటించాడు. “సాహసోపేత ప్రసంగం” అని నీవు రాశావు. ఆ మాట కొట్టేసి, ఓటుకు దూరంగా ఉండడం ఎంత, నోరు తెరిచి “గుర్తించడం లేదు” అనడం ఎంత అన్నది పాఠకుడినే తూచుకోనివ్వు.

మరుసటి నెలలో ఆయన మంత్రి పదవి నుంచి తమ దేశపు భద్రతా మండలికి మారాడు. “ఆ ప్రసంగం ఫలితంగానే” అని రాసేశావు. ముందు జరిగినదల్లా తర్వాతిదానికి కారణం కాదు. నేనూ తొలినాళ్లలో ఒక మంత్రి రాజీనామాకు ఇలాగే ఒక తగువును ముడిపెట్టి రాస్తే, అచ్చయిన మూడో రోజున అసలు కారణం వేరని తేలింది. సవరణ వేయించుకోవడానికి సంపాదకుడి గది బయట గంటసేపు నిలబడ్డాను. నీవు రెండు సంఘటనలనూ వరుసగా చెప్పి ఊరుకో.

పేరు ఒకచోట కామిలోవ్, ఒకచోట కోమిలోవ్ అని ఉంది. మొదటిది రష్యన్ రూపం, రెండోది ఉజ్బెక్ అక్షరక్రమం. ఏదో ఒకదాన్నే చివరిదాకా పట్టుకో. తాష్కెంట్ అనగానే మనవాళ్లకు లాల్ బహదూర్ శాస్త్రిగారు గుర్తొస్తారు నిజమే, అయినా 1966తో వ్యాసం మొదలుపెడితే మన శాస్త్రిగారి మాటే మిగిలి ఆయన మాట వెనకబడుతుంది. భారత ప్రస్తావనే కావాలంటే 2019 జనవరిలో సమర్కంద్‌లో సుష్మా స్వరాజ్ గారితో కలిసి ఆయన అధ్యక్షత వహించిన భారత్-మధ్య ఆసియా సంభాషణ ఉంది, అది నేరుగా ఆయన పనే.

మాస్కో పేరాను తిరగరాసి ముందు అదొక్కటే పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి