ఆర్మీలో పంతులుగారి ఉద్యోగం

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. పౌరోహిత్యమే జీవనాధారం. మావాడు తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో శాస్త్రి చేశాడు. ఆర్మీలో పండిట్ పోస్టుకు అప్లై చేస్తానంటున్నాడు. వాళ్ళమ్మకు ఒకటే టెన్షన్. యుద్ధమొస్తే ఏమిటి పరిస్థితి?

జవాబు: ముందు అమ్మగారి భయం సంగతి చూద్దామండి. 1949 జెనీవా ఒప్పందం సైన్యంలోని మతబోధకులకు రక్షణ ఇచ్చింది. పట్టుబడినా వాళ్ళను యుద్ధఖైదీలుగా జమకట్టకూడదు. కానీ కాగితం మీద రక్షణ వేరు. కొరియా యుద్ధంలో ఎమిల్ కపాన్ అనే అమెరికా సైన్యంలోని ఫాదర్, 1950 నవంబరులో, తప్పించుకునే వీలుండీ గాయపడ్డవాళ్ళను వదల్లేక పట్టుబడ్డారు. శిబిరంలో ఖైదీల ఆకలి చూడలేక తిండి దొంగిలించి మరీ పెట్టారు. 1951 మేలో అక్కడే చనిపోయారు. ప్రమాదమే లేదని నేను చెప్పను.

ఇక పండిట్ పోస్టు సంగతి. ఇది నాయబ్ సుబేదార్ హోదాతో మొదలయ్యే జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) ఉద్యోగం. గ్రంథి (సిక్కుల మతగురువు), మౌల్వీ, పాద్రీ పోస్టులూ ఇందులోనే ఉంటాయి. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి, రాతపరీక్ష రాయాలి. శాస్త్రి ఒక్కటే సరిపోదు, కర్మకాండలో, అంటే పూజలు, సంస్కారాలు జరిపించే విధానంలో, ఏడాది డిప్లొమా కూడా అడుగుతారు. వయసు నిబంధన నోటిఫికేషన్‌లో చూసుకోండి. శిక్షణ పుణెలో.

నాకు అనుమానం ఇంకోచోట ఉంది. మనవైపు పెళ్ళిళ్ళు, వ్రతాలు చేయించే పంతులుగారు చాలామంది అపరకర్మల జోలికి పోరు. వాటికి వేరే వాళ్ళుంటారు. యూనిట్‌లో ఆ పట్టింపు చెల్లదు. పొద్దున గుళ్ళో హారతి ఇచ్చిన మనిషే, జవాను పోతే అంత్యక్రియలూ జరిపించాలి. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ మంచం పక్కన కూర్చోవాలి, శిక్ష పడ్డ జవాన్లనూ వెళ్ళి చూడాలి. ఇవన్నీ విధుల్లో భాగమే. ఎదురుగా కూర్చున్నది గఢ్‌వాల్ కుర్రాడైతే మాట్లాడాల్సింది హిందీలో. మంత్రం తప్పుపోకుండా చెప్పడం కన్నా ఇదే కష్టం అంటాను.

కాబట్టి అప్లికేషన్ పెట్టేముందు అబ్బాయిని సూటిగా అడగండి: "అపరం చేయించగలవా?" మీకూ అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పేయండి, ఉద్యోగం వచ్చాక కాదు. తాడేపల్లిగూడెం పక్కనే మిలటరీ మాధవరం ఉంది కదా, అక్కడ సైన్యంలో చేసి రిటైరైన వాళ్ళెవరినైనా కలిసి వాళ్ళ యూనిట్ పంతులుగారు రోజంతా ఏం చేసేవారో కనుక్కోండి. అమ్మగారినీ వెంట తీసుకెళ్ళండి.