కరెంటుతో నడిచేదాన్ని కొలిమి అనవచ్చా?

సందేహం: లోహాల చరిత్ర మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్’ను ‘విద్యుత్ కొలిమి’ అని రాశాను. బొగ్గూ తిత్తీ లేనిది కొలిమి ఎలా అవుతుందని మిత్రుడు అడ్డు తగిలాడు. ‘విద్యుదగ్ని పేటిక’ అని మార్చమంటున్నాడు. ఏది సరి?

సమాధానం: ముందు ఆ పేటికను పక్కన పెట్టండి. నగలు దాచుకునే పెట్టె పేరు ఉక్కు కరిగే చోటికి పెడతారా? ఇంట్లో మాట ఉండగా సంస్కృతంలో కొత్తది కుట్టుకొచ్చే అలవాటు ఈమధ్య బాగా ముదిరింది, చదివేవాడికి బోధపడుతుందా అన్న ఆలోచనే ఉండదు.

కొలిమి అంటే నిప్పే అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మాట పుట్టుక చూస్తే నిప్పు కంటే ముందు పనివాడు కనిపిస్తాడు. తమిళంలో ‘కొల్’ అంటే ఇనుప పని, ఆ పని చేసేవాడూను. ‘కొల్లన్’ అంటే కమ్మరి, మలయాళంలోనూ అంతే. కన్నడంవాళ్ల కొలిమె, కులుమె మన కొలిమే. మనకేమో పనివాడి పేరు సంస్కృత ‘కర్మార’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చి ‘కమ్మరి’ అయింది, అతను కూర్చునే చోటు మాత్రం పాత ద్రావిడ మాటను వదల్లేదు. ఒకే పాకలో రెండు భాషా కుటుంబాలు కాపురం ఉన్నాయన్నమాట! మా ఊళ్లో కమ్మరి నాగటి కర్రును బొగ్గుల్లో దూర్చి, దాని ఎరుపు పసుపుకు తిరిగేదాకా తిత్తి ఊదించి, అప్పుడు పట్టకారుతో దాగలి మీదికి తెచ్చేవాడు. కొలిమి అంటే ఆ పనంతా.

ఇక కరెంటు సంగతి. 1870ల చివర్లో విలియం సీమెన్స్ ఇంగ్లండులో మూసలో ఉక్కు వేసి విద్యుత్ చాపంతో, అంటే మీ వ్యాసంలోని ఆర్క్‌తో, కరిగించాడు. (మూస అంటే కంసాలి బంగారం కరిగించే పాత్ర. ‘మూస సినిమా’ అనేవాళ్లు ఒకసారి గుర్తు చేసుకోవాలి.) 1892లో పారిస్‌లో మొయ్సాఁ అనే రసాయన శాస్త్రవేత్త రెండు సున్నపు దిమ్మెల మధ్య తొలిచిన గుంటలో అదే చాపాన్ని రగిలించాడు. 1900లో ఫ్రాన్స్‌లోని లా ప్రాజ్‌లో పాల్ ఎరూ ఈ పద్ధతిని ఉక్కు తయారీకి తెచ్చాడు. అక్కడ పైనుంచి కడ్డీలు దిగుతాయి, కడ్డీకీ లోహానికీ మధ్య మెరుపు లేస్తుంది, కడ్డీ కొస అరిగేకొద్దీ కిందికి దించుతూ ఉండాలి. ఆ కడ్డీలు దేనితో చేసినవో మీ మిత్రుణ్ణి అడగండి. కార్బన్‌తో! బొగ్గు లేదన్న మాట అక్కడే వీగిపోయింది. తిత్తి లేకపోతే పోనీయండి.

కాబట్టి కొలిమి అనండి, నాకు అభ్యంతరం లేదు. సంస్కృతపు విద్యుత్తును తెలుగు కొలిమికి ముడిపెట్టడం వైరి సమాసమని ముఖం చిట్లించేవాళ్లుంటారు, వాళ్లకోసం మీ వాక్యం మార్చుకోనక్కర్లేదు. నేనైతే ‘కరెంటు కొలిమి’ అనే రాస్తాను.

ఒక్క జాగ్రత్త. ఇదే ఎరూ 1886లో, అమెరికాలో హాల్ కూడా అదే ఏడాది విడిగా, కరిగిన క్రయొలైట్ అనే ఖనిజంలో అల్యూమినా (అల్యూమినియం ఆక్సిజన్‌తో కలిసి ఉన్న పదార్థం) కలిపి కరెంటు పంపి అల్యూమినియం తీశారు. అక్కడా వేడి ఉంది, కానీ అసలు పని కరెంటు ఆక్సిజన్ నుంచి లోహాన్ని విడదీయడం. దానికి కొలిమి నాకు పొసగడం లేదు. ‘తొట్టి’ అంటే సరిపోతుందేమో, ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తోస్తే రాయండి.