సినిమా రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీవు పంపిన స్క్రిప్టు పూర్తిగా చదివాను. చిన్న పట్టణంలో ఇంటర్ చదివే అమ్మాయిపై జరిగిన అత్యాచారాన్ని, ఆ తరువాత ఊరి మౌనాన్ని కథగా ఎంచుకున్నావు. అయితే ఆ ఘాతుకానికి నాలుగు పేజీలు వెచ్చించి, మౌనాన్ని మాత్రం ‘ఊళ్లో ఎవరూ నోరు విప్పలేదు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టావు. నా అభ్యంతరమంతా ఆ వాక్యంతోనే.

మన ఊళ్లలో ఇలాంటప్పుడు ఎవరూ మాట్లాడకుండా ఉండరు. మాట్లాడి మాట్లాడి ఆ ఇంటివాళ్ల నోరు మూయిస్తారు. రైసుమిల్లు ఆఫీసు గదిలో పెద్దమనుషులు కూర్చుంటారు, టీ తెప్పిస్తారు, ఎన్నడూ కుర్చీ చూపించని తండ్రిని ఆ రోజు కూర్చోమంటారు. ‘ఆడపిల్ల గలవాడివి, రేపు పెళ్లి చెయ్యాలి, కోర్టుల చుట్టూ ఏం తిరుగుతావు’ అని నచ్చజెబుతారు. ఎవరూ గొంతు పెంచరు. తల్లి బట్టలు కుడుతుందని రాశావు కదా, మర్నాడు ఎవరో వచ్చి ‘పెళ్లి వాయిదా పడిందమ్మా’ అంటూ కత్తెర పడని జాకెట్టు గుడ్డ వెనక్కి తీసుకెళ్తారు. ఈ రెండు సన్నివేశాలూ నీ స్క్రిప్టులో లేవు. వాటిని రాయాలంటే తండ్రి కౌలుకు చేసే పొలం ఎవరిదో, మధ్యవర్తి ఎవరికి బాకీ ఉన్నాడో ముందు నీకు తెలియాలి.

అత్యాచారం కేసుల్లో రాజీ అన్న ఆలోచనకే తావు లేదని 2015లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా బయట కుదిరిన రాజీ మరో వేషంలో కోర్టులోకి వస్తుంది: అన్నీ చూసిన సాక్షి బోనెక్కి ‘నాకేమీ తెలియదండి’ అంటాడు. పైగా నీ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండలేదు కనుక పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. నేరం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం ఆ చట్టం కింద శిక్షార్హం. అంటే మిల్లు గదిలో టీ తాగుతున్న వాళ్లందరూ ఆ క్షణాన నేరం చేస్తూనే ఉన్నారు. బాలిక వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదని, రాత్రిపూట ఆమెను స్టేషన్‌లో ఉంచకూడదని కూడా అదే చట్టం చెబుతుంది. నీవు అర్ధరాత్రి ఆమెను లాకప్ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టావు. కావాలనే అలా చూపదలిస్తే, అది తప్పని తెలిసి కూడా తల దించుకునే కానిస్టేబుల్ ఒకరైనా అక్కడ ఉండాలి.

నీ విలన్ పొరుగూరి నుంచి బైకు మీద వచ్చిన రౌడీ. జాతీయ నేర గణాంకాల్లో ఏటా పదింట తొమ్మిదికి పైగా అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. అతణ్ని మేనమామ స్నేహితుడిగా మార్చి చూడు. మేనమామ ఎటు నిలబడతాడన్న ప్రశ్న వెంటనే కథలోకి వస్తుంది.

ఆ నాలుగు పేజీలూ తీసెయ్యి. ఆమె ఒంటిపై అన్ని గాయాలు ఎందుకు పెట్టావో నాకు తెలుసు, ప్రేక్షకుడు నమ్మడని నీ భయం. మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారానికి గురైన ఆదివాసీ అమ్మాయి మథుర కేసులో ఒంటిపై గాయాలు లేకపోవడాన్ని కూడా కారణంగా చూపి 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. దానిపై నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాశారు, దేశమంతా ఉద్యమం లేచింది, 1983లో చట్టం మారింది. గాయాలు లెక్కపెట్టి నమ్మే ప్రేక్షకుడి కోసం నీవు రాయనవసరం లేదు. చివర్లో అన్న కత్తి పట్టడం కూడా వద్దు. మన సినిమాల్లో చెల్లెలికి ఏదో జరిగితే తప్ప అన్నకు కథ పుట్టదు, ఈ అమ్మాయి కథనైనా ఆమెకే ఉండనివ్వు.

ఇది మీ ప్రాంతంలో జరిగినదేనని ఉత్తరంలో రాశావు. పేరు మార్చితే చాలదు. చిన్న ఊళ్లో కాలేజీ, వీధి, తండ్రి పని చెబితే మనిషి దొరికిపోతుంది. ఆమెను గుర్తుపట్టేలా ఏది ప్రచురించినా భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. అవన్నీ మార్చెయ్యి, వివరాల కోసం ఆమె గడప మాత్రం తొక్కకు. పోక్సో కేసులు వాదించే న్యాయవాదులను కలువు. ముందుగా మిల్లు గది సన్నివేశం ఒక్కటే రాసి పంపు, మిగతాది ఆ తరువాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ అక్క