పెద్దపిల్లాడికి చదవడం నేర్పేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

చెన్నైలో, కేసుల్లో పట్టుబడ్డ పిల్లల్ని ఉంచే జువైనల్ హోంకి శనివారాలు వెళ్ళి వాళ్ళకు తమిళం చదవడం నేర్పుతానని రాశావు. ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాను. అనుమతులకు తిప్పుతారు, ఓపిక పట్టు.

చదువు రాకపోతే దొంగలవుతారని ఎవరైనా అంటే తలూపకు. అక్షరం ముక్క రాని మీ అమ్మమ్మ ఒకరి పైసా ముట్టి ఎరగదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో పట్టికలు చూడు, పట్టుబడ్డ పిల్లల్లో బడికి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. నా బాధంతా అక్కడే. 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఆపకుండా పైకి పంపాం. చదవడం వచ్చిందో లేదో ఎవరు చూశారు? పల్లె పిల్లల చదువెంతో ఇంటింటికీ వెళ్ళి చూసే అసర్ సర్వేలో, 2022లో, మన దేశపు పల్లెల్లోని ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు నూటికి 43 మందే. మిగతావాళ్ళు రిజిస్టరులో ఐదో తరగతే.

చెన్నైలోనే వ్యాసర్పాడి దగ్గర బడిలో పనిచేసే రోజుల్లో నా తరగతిలో పదమూడేళ్ళ పిల్లాడు ఉండేవాడు. తల్లి వీధులు ఊడ్చే పని. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పాఠం గడగడా ఒప్పజెప్పేవాడు. ఒకరోజు వాడి వేలు చూశాను. నోరు ఇంకా వాక్యం మధ్యలో ఉండగానే వేలు వరుస చివరికి వెళ్ళిపోయింది. పక్కవాళ్ళు చదువుతుంటే విని బట్టీ పట్టాడన్నమాట. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి, నలభై మంది ముందు "ఇది చదువు" అన్నాను. పుస్తకం విసిరికొట్టి బయటికి పోయాడు. మళ్ళీ రాలేదు. ఆ తప్పు నాదే. ఏడాది తిరక్కుండా ఫోను దొంగతనం కేసులో వాడు దొరికాడని తల్లి ఒక కాగితం పట్టుకొచ్చింది, చదివి పెట్టమని. కింద వాడి సంతకం ఉంది. పేరు గీయడం మాత్రం వచ్చు వాడికి. పైన ఏం రాసి ఉందో తెలియకుండానే పెట్టాడు.

అందుకే చెబుతున్నాను, నలుగురి ముందు ఎవరినీ చదవమనకు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకో. అరగంట చాలు. ఏం చేసి వచ్చావని అడగనే అడగకు. 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం వాళ్ళ వివరాలు బయటపెట్టడం నేరం కూడా, ఫొటోల జోలికి వెళ్ళకు.

ఒకటో తరగతి వాచకం తీసుకెళ్ళకు. మీసం మొలుస్తున్న పిల్లాడి ముందు బాతు బొమ్మ పెడితే వాడికి తల కొట్టేసినట్టు ఉంటుంది. ఇలాంటి పిల్లలకు 29సి బస్సు నంబరు చూసి ఎక్కడం తెలుసు, బోర్డు మీద పెరంబూర్ అన్న మాట చదవలేరు. అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

తమిళంలో 247 అక్షరాలు. అన్నీ వల్లె వేయించాక మాటలకు వద్దామంటే వాడు నీ దగ్గర కూర్చోడు. ప, డ, ర, మ, చుక్క పెట్టిన మ (మన పొల్లు మ్ లాంటిది), ఈ కాసిని నేర్పు. పడం (బొమ్మ), మరం (చెట్టు) అని వాడే కూడబలుక్కుంటాడు. కూడబలుక్కోనీ. నువ్వు అందించకు, బొమ్మ చూసి ఊహించమనకు. మన తెలుగు పిల్లలు తికమకపడేది ఇంకోచోట. 'పడం'లో డ, 'పట్టం'లో ట, తమిళంలో రెండింటికీ ఒకే అక్షరం. ఇంట్లో ట, డ విడివిడిగా పలికే పిల్లాడు అది తన తెలివితక్కువ అనుకుంటాడు. అది ఆ లిపి పద్ధతి అని తెలుగులో వివరించు. ఈ ఒక్క మాట నా తరగతిలో నేను ఏనాడూ చెప్పలేదు.

ఎంతమంది ఎన్నాళ్ళు ఉంటారో నీ చేతిలో లేదు. వాళ్ళ కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు ఇంటికి పంపిస్తే శనివారానికి ఆ పిల్లాడు ఉండడు. కాబట్టి ప్రతి శనివారం ఆ రోజుకు పూర్తయ్యేలా నేర్పు. లేచి వెళ్ళేలోగా ప్రతివాడూ ఒక కొత్త మాట సొంతంగా చదివి ఉండాలి. కొంచెం వచ్చినవాళ్ళకు సంతకం పెట్టే ముందు పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదవడం అలవాటు చెయ్యి. అర్థం కాకపోతే అడిగి చదివించుకోవచ్చని, ఉచితంగా వకీలును ఇస్తారని కూడా చెప్పు.

మొదటి శనివారం కాగానే ఉత్తరం రాయి. ఎవరు ఏ మాట చదివారో అందులో ఉండాలి, పేర్లు వద్దు.

నెల్లూరు నుంచి,
నీ పెద్దమ్మ