ఒమర్ మొరేనో గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. పనామాలో ఒకప్పుడు అరటి గెలలు ఓడలకెక్కిన రేవు ఊరు ప్వెర్తో ఆర్ముయెల్లెస్. అక్కడ 1952లో పుట్టిన కుర్రాడు అమెరికా వెళ్లి, పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ జట్టుకు సెంటర్ ఫీల్డర్ (మైదానం లోతట్టున మధ్యలో కాపుండే ఆటగాడు) కావడం మంచి కథే. కానీ నీ వ్యాసంలో ఆద్యంతం పొగడ్తే ఉంది, మనిషి కనబడలేదు.

1980 సీజన్ చూడు. అంతకుముందు రెండేళ్లూ 71, 77 బేస్‌లు దొంగిలించి (బ్యాటర్ బంతిని కొట్టకుండానే తర్వాతి మజిలీకి పరుగెత్తి చేరి), అమెరికా బేస్‌బాల్‌లోని రెండు పెద్ద లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచినవాడు, ఆ ఏడాది 96 దొంగిలించి కూడా రెండోవాడయ్యాడు. మాంట్రియల్ ఆటగాడు రాన్ లెఫ్లోర్ 97 చేశాడు. ఒక్కటంటే ఒక్కటి తేడా! నువ్వు 96 రాసి 97 వదిలేశావు. మొరేనో 33 సార్లు దొరికిపోయిన సంగతీ దాచావు. ఎందుకు? దొరికిపోయి, మర్నాడు మళ్లీ పరుగెత్తినవాడే కదా నాకు కావలసినవాడు.

బేస్ దొంగతనమంటే మన పాఠకుల్లో చాలామందికి తెలియదు. నిర్వచనం ఇవ్వకు, చూపించు. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. రన్నర్ మొదటి బేస్ వదిలి కొన్ని అడుగులు జరిగి, మోకాళ్లు వంచి, బంతి విసిరే పిచర్ కాళ్లనే చూస్తుంటాడు. పిచర్ తనవైపు తిరిగి విసిరితే వెనక్కి దూకాలి. బ్యాటర్‌కు వేయడానికి కదిలాడా, ఇక ఆగకూడదు. బంతి బ్యాటర్ వెనక కూర్చున్న క్యాచర్‌ను చేరి, అతని చేతినుంచి రెండో బేస్‌కు దూసుకొచ్చేలోగా దుమ్ములో జారుతూ బేస్‌ను తాకాలి. ఆ కొద్ది సెకన్లకు ఒక పేరా మొత్తం ఇచ్చినా నష్టం లేదు.

1980లో మొరేనో బ్యాటింగ్ సగటు .249, అంటే దాదాపు నాలుగు ప్రయత్నాలకు ఒక హిట్. ఇన్నింగ్స్ ఆరంభించే బ్యాటర్‌కు అది తక్కువే. మొదటి బేస్ చేరనిదే రెండోది దొంగిలించేదెలా అన్న విమర్శ న్యాయమైనదే, అదీ రాయి. అభిమానం ఉన్నచోటే నిజం చెప్పడం కష్టం, నాకు తెలుసు.

1979 వరల్డ్ సిరీస్‌ను, అంటే రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే ఫైనల్‌ను, ఒక్క వాక్యంలో దాటేయడం మాత్రం ఒప్పుకోను. బాల్టిమోర్ చేతిలో 3-1తో వెనకబడిన పైరేట్స్ జట్టు వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచింది. ఏడో మ్యాచ్‌లో చివరి అవుట్ మొరేనో పట్టిన క్యాచే. దాన్ని ముగింపుగా వాడుకోవాలనిపిస్తుంది, వద్దు. దాని తర్వాతి ఏడాదే 1980. క్యాచ్‌ను మధ్యలో ఉంచి, లెఫ్లోర్‌తో పోటీ దాకా కథ నడిపించు. తిరగరాసి పంపు, చదువుతాను.